బైపీసీ వాళ్ల మూడో ఆప్షన్: ఫిషరీస్ చదివితే ఏమవుతారు?

గుంటూరు అనగానే మిర్చి యార్డు, పత్తి, ఇంకా అంటే శంకర్ విలాస్ సెంటర్ ట్రాఫిక్. అంతే కదా! మన పాత గుంటూరు జిల్లాకి సముద్రం కూడా ఉందని మనకే సగం సార్లు గుర్తుండదు. ఆదివారం సూర్యలంక బీచ్‌కి వెళ్లి ఫొటోలు దిగి వచ్చేస్తాం. అక్కడికి కాస్త దూరంలోనే నిజాంపట్నం హార్బర్ ఉంది. 1606లో డచ్ వాళ్లు వచ్చి వ్యాపారం పెట్టుకున్న ఊరు అది. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్లింది కానీ, మన వైపు బజార్లలో దొరికే సముద్రపు చేపలో చాలా వరకు ఈ తీరం నుంచే వస్తుంది.

ఈ ఎపిసోడ్ బైపీసీ వాళ్ల కోసం. మా పిన్ని కొడుక్కి ఫిషరీస్‌లో సీటు వచ్చింది. ఇంట్లో మొదటి రియాక్షన్ మా తాతయ్యది. "చేపలు పట్టడానికి నాలుగేళ్ల చదువేంట్రా?" అన్నాడు. నవ్వుకున్నాం. కానీ చాలా ఇళ్లల్లో నిజంగానే అదే ప్రశ్న. మెడిసిన్ రాకపోతే వెటర్నరీ, అదీ రాకపోతే అగ్రికల్చర్ బీఎస్సీ, ఏదీ రాకపోతే ఫిషరీస్. మూడో ఆప్షనో నాలుగో ఆప్షనో. చేరేవాళ్లకి కూడా లోపల ఏముందో తెలియదు.

సరే, లోపల ఏముంది? ఒక గొడవతో చెప్తాను. 2020 డిసెంబరులో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారుల మధ్య పెద్ద గొడవైంది. పోలీసులు, రాజకీయ నాయకులు, రాజీ చర్చలు, అన్నీ అయ్యాయి. దేని గురించి? వల గురించి. ఎవరు ఏ వల వెయ్యాలి, దాని కన్ను ఎంత ఉండాలి అని. బయటివాళ్లకి ఇది చిన్న విషయం లాగా కనిపిస్తుంది. కానీ కన్ను చిన్నదైతే పిల్ల చేప కూడా వచ్చేస్తుంది. గుడ్లు పెట్టకముందే చేపని తీసేస్తే వచ్చే ఏడాది ఏం మిగులుతుంది? మన భాషలో చెప్పాలంటే, విత్తనానికి దాచిన కాయల్ని కూడా యార్డుకి తోలేసినట్టు. పైగా పత్తి చేను ఎవరిదో పాస్‌బుక్‌లో ఉంటుంది. సముద్రానికి పాస్‌బుక్ లేదు. నేను వదిలిన చేపని పక్క ఊరివాడు పట్టుకుంటాడు, మరి నేనెందుకు వదలాలి? ఈ ప్రశ్నకి సమాధానం వెతికేదే ఫిషరీస్ మేనేజ్‌మెంట్.

లెక్క తప్పితే ఏమవుతుందో కేరళ చూసింది. నూనె కవళ్లు అంటే అక్కడ పేదవాడి చేప. 2012లో కేరళలో దాదాపు 3.9 లక్షల టన్నులు పడ్డాయి. 2021లో ఎంతో తెలుసా? 3,297 టన్నులు. నూటికి ఒకటి కూడా లేదు. సముద్రంలో మార్పులు ఒక కారణం, పిల్ల చేపల్ని పట్టేయడం ఇంకో కారణం. అందుకే ఏ చేపని ఎంత సైజు లోపు పట్టకూడదో కేరళ 2015 నుంచి రూల్ పెట్టింది. నూనె కవళ్లకి 10 సెంటీమీటర్లు. ఆ 10 అనే నంబర్ ఎవరో మంత్రిగారి మనసులోంచి ఊడిపడలేదు. వేల చేపల్ని కోసి, ఏ సైజులో గుడ్లు తయారవుతాయో చూసి చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ పని కూడా ఒక ఉద్యోగమే.

మన దగ్గర పెద్ద రూల్ అంటే వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ముందు 45 రోజులే ఉండేది, 2015 నుంచి పెంచారు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మర పడవలు, మోటారు పడవలు ఆగిపోవాలి. మంచి రూలే. కానీ కళాసీ ఇంట్లో ఆ రెండు నెలలు పొయ్యి ఎలా వెలుగుతుంది? 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 20 వేలకి పెంచింది. 61తో భాగించండి. రోజుకి 328 రూపాయలు, ఇంటి మొత్తానికి. చేపని కాపాడే ఖర్చు ఎవరు భరించాలి అన్నదే పాలసీలో అసలు ప్రశ్న. నా అభిప్రాయం అడిగితే, ఇప్పుడు ఆ ఖర్చులో ఎక్కువ వాటా కళాసీయే మోస్తున్నాడు.

ఇంకో రూల్ కూడా ఉంది. మన రాష్ట్రంలో 1994 నాటి చట్టం కింద, తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మర బోట్లు వేటాడకూడదు. అది చిన్న పడవల వాళ్ల కోసం. రాత్రిపూట సముద్రంలో ఆ 8 కిలోమీటర్ల గీత ఎవరు చూస్తారు? నెల్లూరు తీరంలో తమిళనాడు బోట్లతో ఏళ్ల తరబడి నడిచే గొడవ ఇదే.

ఇక చదువు సంగతి. బీఎఫ్ఎస్సీ నాలుగేళ్లు, ఈఏపీసెట్ ద్వారా. నెల్లూరు దగ్గర ముత్తుకూరు కాలేజీ 1991 నుంచి ఉంది. నరసాపురంలో ఫిషరీస్ యూనివర్సిటీకి 2020లో చట్టం చేశారు. తెలంగాణ వాళ్లకి పెబ్బేరు ఉంది. ఎంఎఫ్ఎస్సీ చేయాలంటే ముంబైలోని సీఐఎఫ్ఈ పెద్ద పేరు, దానికి కాకినాడలో కేంద్రం కూడా ఉంది. మేనేజ్‌మెంట్, పాలసీ వైపు వెళ్లాలనుకుంటే పీజీలో ఫిషరీస్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ తీసుకోండి. ఈ మాట గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే మన వాళ్లు కళ్లు మూసుకుని ఆక్వాకల్చర్‌కే వెళ్తారు. పదో తరగతి తర్వాత వెళ్లేవాళ్లకి ఫిషరీస్ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఓడ నడపాలి అనుకునేవాళ్లకి సిఫ్‌నెట్, మనకి దగ్గరివి విశాఖ, చెన్నై.

ఉద్యోగాలు? తీపి కబుర్లు చెప్పను. ప్రభుత్వంలో ఎఫ్‌డీఓ పోస్టు ఏపీపీఎస్సీ ద్వారా వస్తుంది, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు ఫిషరీస్ అసిస్టెంట్ పోస్టులు వచ్చాయి. కేంద్ర పథకంలో సాగర మిత్ర అని ఉంది, కానీ అది ఒప్పంద పని, నెలకి 15 వేల లెక్క. ప్రైవేటులో మొదటి ఉద్యోగం చాలామందికి మేత కంపెనీలోనో హేచరీలోనో దొరుకుతుంది. బైక్ మీద చెరువులు తిరగడం, నీళ్లు టెస్ట్ చేయడం, నెలాఖరున సేల్స్ టార్గెట్. సైన్స్ చదివి మేత బస్తాలు అమ్ముతున్నాం అని ఫీలయ్యేవాళ్లు ఉన్నారు. ఆ రెండేళ్లలో రైతు భాష వచ్చినవాళ్లు తర్వాత ఎంపెడా, నాక్సా లాంటి చోట్ల బాగా పనికొస్తారు. మన మిర్చికి పురుగుమందు అవశేషాల టెస్ట్ ఎలాగో, ఎగుమతి రొయ్యకి యాంటీబయాటిక్ టెస్ట్ అలాగ. సిస్టమ్ అర్థమవడానికి గుంటూరు వాడికి అరగంట చాలు.

రీసెర్చ్ వైపు సీఎంఎఫ్ఆర్ఐ ఉంది, 1947లో మొదలైంది, విశాఖలో రీజినల్ సెంటర్ ఉంది. వాళ్ల మనుషులు తెల్లవారకముందే రేవులకి వెళ్లి, కొన్ని పడవల్ని శాంపిల్‌గా తీసుకుని, ఏ చేప ఎంత పడిందో రాస్తారు. దేశం మొత్తం లెక్క అక్కడినుంచే వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాడిగా చెప్తున్నా, నేను చూసిన డేటా కలెక్షన్‌లో ఇంత చెమట వాసన ఉన్నది ఇంకోటి లేదు.

బీటెక్ వాళ్లూ, మీరు వీడియో స్కిప్ చేయకండి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది. శాటిలైట్‌తో సముద్రపు రంగు, వేడి చూసి, చేపలు ఎక్కడ ఉండొచ్చో మత్స్యకారులకి రోజూ చెప్తుంది, తెలుగులో కూడా. 2024 ఆగస్టులో లక్ష పడవలకి ట్రాన్స్‌పాండర్లు పెట్టే ప్రాజెక్ట్ మొదలైంది. తుఫాను హెచ్చరిక అందుతుంది, పడవ ఎక్కడుందో తెలుస్తుంది. చేపని వెతకడం తేలిక చేసే టెక్నాలజీ, చేపని మిగల్చడానికి కూడా పనికొస్తుందా? ఈ రెండో సగం మీద పనిచేసేవాళ్లు చాలా తక్కువ.

ఇక పాలసీ. 2022 జూన్‌లో జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ చేపల వేట సబ్సిడీల మీద ఒప్పందం చేసింది, 2025 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. భారత్ అందులో చేరలేదు. పెద్ద ఓడలున్న దేశాలు ఇన్నాళ్లూ సముద్రాన్ని ఊడ్చేసి, ఇప్పుడు మా చిన్న పడవ డీజిల్ సబ్సిడీ ఆపమంటే ఎలా అన్నది మన వాదన. తాబేళ్ల సంగతీ అంతే. వలలో తాబేలు తప్పించుకునే పరికరం పెట్టలేదని అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యని కొనడం లేదు, చెరువు రొయ్యనే కొంటుంది. అలాంటి బల్ల దగ్గర కూర్చుని మాట్లాడాలంటే చేప బయాలజీ, చట్టం, నిజాంపట్నం కళాసీ ఖర్చు, మూడూ తెలిసిన మనిషి కావాలి. చెన్నైలో బీఓబీపీ, ఐసీఎస్ఎఫ్ లాంటి సంస్థలు ఇదే పని చేస్తాయి. ఇంగ్లీషులో రాయడం రావాలి, రేవులో తెలుగు మాట్లాడడమూ రావాలి.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడుపడదు. సముద్రం పుట్టుకతో తెలిసిన రేవు ఊళ్ల పిల్లలు ఈ సీట్లలో ఎందుకు ఎక్కువ కనిపించరు? వాళ్ల ఇంటర్‌లో బైపీసీ ఎవరు చదివిస్తున్నారు? ఆ ఊళ్లలో ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, మీ తమ్ముడికో చెల్లికో ఫార్వర్డ్ చేయండి.

ఆప్షన్లు పెట్టేముందు ఒక పని చేయండి. జూన్ 15 దాటాక ఒక తెల్లవారుజామున నిజాంపట్నం వెళ్లండి, రేపల్లె నుంచి బస్సులుంటాయి. బోట్లు వచ్చాక పాటలు మొదలవుతాయి. కానాగడతలు ఏ ధరకి పోతున్నాయో, పిల్ల చేప ఎంత ఉందో, దాన్ని ఎవరు దేనికి కొంటున్నారో చూడండి. వాసన పడకపోతే అక్కడే తెలిసిపోతుంది, నాలుగేళ్లు ఆగక్కర్లేదు.