ఆటసాధనమునకు భాష్యము వ్రాయుట
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల యెదుట చేసిన ప్రసంగము)



పిల్లవాడు ఆటల కంట్రోలరు చేతబట్టినంతనే చదువు చెడెనని మనలో పలువురము కలత చెందుదుము. ఆ సాధనమునందే చదువెంత కలదో నేడు మనవి చేయదలచితిమి.

కంప్యూటరునకు యూఎస్‌బీ ద్వారా తగిలించు కీబోర్డు, మౌసు మొదలగువానికి హెచ్‌ఐడీ యను ఉమ్మడి నియమావళి కలదు. దానిని పాటించు పరికరము తనకెన్ని మీటలు కలవో, ఏ సమాచారము ఏ బిట్టులో నుండునో తానే ముందుగా వివరించును. లినక్సు ఆ వివరణను చదివికొని పని జరుపును. 2005లో వెలువడిన ఎక్స్‌బాక్స్ 360 తీగ కంట్రోలరు ఈ నియమావళిని పాటింపదు. తీగ యూఎస్‌బీదే, వివరణ మాత్రము లేదు. కావున దాని పలుకులకు అర్థము చెప్పు డ్రైవరు ప్రత్యేకముగ కావలసి వచ్చినది. మొదటి ఎక్స్‌బాక్సు కొరకు 2002లో పుట్టిన ఎక్స్‌ప్యాడ్ అను లినక్సు డ్రైవరునకే పిదప దీని భాషయు నేర్పిరి.

అట్టి డ్రైవరును వ్రాయుటెట్లు? ఒక్కొక్క మీటనే నొక్కుచు, వచ్చు బైటులలో ఏది మారెనో కాగితముపై గుర్తించుకొనవలెను. ఈ కంట్రోలరు ఒక్కొక్క మారు 20 బైటులు పంపును. మొదటి రెండును సమాచారపు రకమును, పొడవును తెలుపును. తరువాతి రెంటిలో ఒక్కొక్క మీటకు ఒక్కొక్క బిట్టు. ఆపై రెండు బైటులు వ్రేలితో లాగు ట్రిగ్గరులవి, 0 నుండి 255 వరకు. పిమ్మటి యెనిమిదింట రెండు కాడల కదలికలు, −32768 నుండి 32767 వరకు. ఈ పట్టిక కుదిరినచో, దానిని సి భాషలో కెర్నెలునకు తెలుపవచ్చును.

ఇచట నొక చిక్కు కలదు. కాడను పైకి త్రోసినచో ఈ కంట్రోలరు సంఖ్యను పెంచును. లినక్సు సంప్రదాయమున అది తగ్గవలెను. ఊరక గుర్తు మార్చినచో −32768 కాస్తా 32768 అగును. అది 16 బిట్టులలో పట్టదు. అందుచేత ఎక్స్‌ప్యాడు గుర్తును మార్చక, బిట్టులనన్నింటిని తిరగవేయును. అపుడు 32767 వచ్చును. బడిలో నేర్చు ఋణసంఖ్యల లెక్కకు ఇంతకన్న మంచి ఉదాహరణ మేమున్నది?

ఉమ్మడి నియమమునకు లోబడనిదానిని పనికిరానిదని పారవేయక, దాని పలుకును ఓపికతో విని, వ్యాకరణము కూర్చి, లోకమునకు ఉచితముగ నొసగినవారి శ్రమ యిది. పరభాషా ప్రాంతమున తెలుగును నిలుపుకొనుచున్న మనకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంట పాత కంట్రోలరున్నచో పిల్లలకిండు. వారు మీట నొక్కి పట్టిక వ్రాయుచుండ గద్దింపకుడు. ప్రక్కన కూర్చుండి, ఏ బైటు మారినదని అడుగుడు.