సంతకం చూసి టిక్కు పెట్టకండి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. జీవితమంతా అంకెలు కూడినవాణ్ణి గనుక నేను ఒక్క సంఖ్య గురించి చెబుతాను. రెండును 31 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే 214,74,83,647 వస్తుంది. ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యా దీన్ని శేషం లేకుండా భాగించదు. అంటే ఇది ప్రధాన సంఖ్య.

1644లో ఫ్రాన్సు దేశపు మతగురువు మెర్సెన్ ఇలాంటి సంఖ్యల జాబితా ఒకటి ప్రకటించాడు. అందులో 31 ఉంది, 67 కూడా ఉంది. పెద్దాయన రాశాడు గదా అని ఆయిలర్ ఊరుకోలేదు. 1772 నాటికి ఆయనకు మన వయసే, అరవై అయిదు. శుక్లాల ఆపరేషను ఫలించక చూపు దాదాపు పోయింది. అయినా లెక్క వదల్లేదు. ఈ సంఖ్యకు కారణాంకం అంటూ ఉంటే 46,340 లోపు ఒకటి ఉండి తీరాలి. అదీ 248తో భాగిస్తే 1 గాని, 63 గాని మిగిలేదే కావాలి. అలా వేలకు వేలు చూడవలసిన పని 372 భాగహారాలకు తగ్గింది. ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు. 31 విషయంలో మెర్సెన్ మాట నిజమేనని తేలింది.

మరి 67? అది తప్పని 1876లో లూకా తేల్చాడు. 1903లో కోల్ అనే అమెరికా పండితుడు దాని కారణాంకాలే చూపించాడు: 193707721, 761838257287. అదే జాబితా, అదే చేతిరాత. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు.

నేను సర్వీసులో ఉండగా, పై అధికారి సంతకం ఉందన్న ధైర్యంతో, మళ్లీ కూడి చూడకుండా ఒక అటెండరు పెన్షన్ కాగితాలు పంపించాను. సర్వీసులో ఒక ఏడాది తగ్గిపోయింది. అది సరిదిద్దేసరికి పదకొండు నెలలు పట్టింది. అప్పటికి ఆయన లేడు. బకాయి తీసుకోవడానికి వచ్చిన ఆయన భార్య నాకు దండం పెట్టింది. తప్పు నాదని ఆమెకు తెలియదు. నేను చెప్పనూ లేదు. ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

కనుక నా మనవి ఒక్కటే. ఇంటికి వెళ్లగానే మీ పి.పి.ఓ. తీయండి. భార్య పేరు, పుట్టిన తేదీ, సర్వీసు కాలం సరిచూసుకోండి. తప్పుంటే మనం ఉండగానే దిద్దించుకోవాలి. తరువాత ఆ తిప్పలు ఇంట్లోవాళ్లవి. కళ్లు సరిగా కనిపించకపోతే మనవడి చేత చదివించుకోండి. అందులో నామోషీ లేదు. ఆయిలరంతటివాడు కూడా చూపు పోయాక కొడుకుల చేత, శిష్యుల చేత రాయించుకున్నాడు.