ఆస్క్విత్ ఇంటివారు, కొలువువారు



సచివాలయములలో పనిచేయువారికి వ్రాతలో లేని నిర్ణయము నిర్ణయమే కాదు. ఫైలుపై నోటు, నోటుపై ఉత్తరువు, ఉత్తరువు క్రింద సంతకము, తేదీ ఉండవలెను. ఇవి లేనిదే ఒక కుర్చీ కూడ ఈ గదినుండి ఆ గదికి కదలదు. అట్టి వారికి వింతగా తోచు సంగతి యొకటి కలదు. 1916 డిసెంబరు వరకు బ్రిటిషు మంత్రివర్గమునకు కార్యదర్శి లేడు. చర్చలను నమోదు చేయు ఆచారము లేదు. సమావేశము ముగిసిన పిదప ప్రధానమంత్రి స్వహస్తముతో రాజునకు వ్రాసి పంపు లేఖయే దానికి ఆధారము.

ఆ పాత పద్ధతిలో రాజ్యము నడపిన ప్రధానులలో కడపటివాడు హెర్బర్ట్ హెన్రీ ఆస్క్విత్. ఆయన 1852లో యార్క్‌షైరులోని మోర్లీ పట్టణమున, ఉన్ని వ్యాపారము చేయు మధ్యతరగతి కుటుంబమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. విద్యార్థి వేతనముతో ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలలో చదివి, న్యాయవాదియై, 1886లో పార్లమెంటు సభ్యుడయ్యెను. 1891లో భార్య హెలెన్ సన్నిపాత జ్వరముతో మరణించెను. నలుగురు కొడుకులు, ఒక కూతురు తల్లిలేని బిడ్డలైరి.

1894లో ఆయన మార్గట్ టెన్నంటును వివాహమాడెను. ఆమె సంపన్నుని కూతురు, వాచాలురాలు, ఎవరికిని జంకని మనిషి. ఆ వివాహపు రిజిస్టరులో గ్లాడ్‌స్టన్, రోజ్‌బరీ, బాల్ఫర్ సంతకములు చేసిరి. వరుని సంతకముతో కలిపి చూచిన, పూర్వ ప్రధాని, నాటి ప్రధాని, కాబోవు ప్రధానులిద్దరు ఆ పుటపై నిలిచిరన్నమాట! మార్గట్‌కు ఎలిజబెత్, ఆంథొనీ అను బిడ్డలు కలిగిరి. ఆంథొనీ తరువాతి కాలమున పేరొందిన చలనచిత్ర దర్శకుడయ్యెను.

1908లో ఆస్క్విత్ ప్రధాని అయ్యెను. వృద్ధాప్యపు పింఛను, ప్రభువుల సభ అధికారమును తగ్గించిన 1911 నాటి పార్లమెంటు చట్టము, కార్మికుల బీమా ఆయన ప్రభుత్వపు ఫలములే. భారత రాజధానిని కలకత్తానుండి ఢిల్లీకి మార్చుట, వంగ విభజనను రద్దుచేయుట కూడ ఆ కాలముననే, 1911 డిసెంబరు దర్బారులో ప్రకటింపబడెను.

అయితే 10 డౌనింగ్ వీధిలో ఇల్లెక్కడ ముగియునో, కచేరీ యెక్కడ మొదలగునో చెప్పుట కష్టముగా నుండెను. ఆయన అంతరంగ కార్యదర్శి మారిస్ బోనమ్ కార్టర్ 1915లో కూతురు వయొలెట్‌ను పెండ్లాడి ఇంటి అల్లుడయ్యెను. వయొలెట్ తండ్రి రాజకీయములను తనవిగా భావించెడిది. ఆమె ప్రాణస్నేహితురాలు వెనీషియా స్టాన్లీ. ఈ యువతికి ప్రధాని లేఖలు వ్రాయసాగెను. 1915 నాటికి అవి ఐదువందలు దాటినవి. కొన్నిటిని మంత్రివర్గము సమావేశమై యుండగనే వ్రాసెను. ఏ మంత్రి యేమన్నదియు, యుద్ధ వ్యూహ మేదియు అందు దాపరికము లేక ఉండెడివి. అవి సాధారణమైన తపాలాలో పోయెడివి. కొన్నిటితో రహస్య తంతివార్తలు కూడ జతయై పోయినవి!

ఒక చిన్న గుమాస్తా ఇట్టి పని చేసిన ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఆస్క్విత్ దేశద్రోహి కాడు, అవివేకి యంతకంటె కాడు. చుట్టును ఇంతమంది ఉండియు, మనసు విప్పి చెప్పుకొనుటకు ఒక మనిషి కావలసివచ్చిన వాడు మాత్రమే. ఆమెయు ఆ రహస్యములను వైరుల చెవిని వేయలేదు.

అదే కొలువులో ఎడ్విన్ మాంటేగూ కలడు. 1906 నుండి ఆస్క్విత్‌కు పార్లమెంటరీ కార్యదర్శి, 1910లో ఇండియా శాఖ ఉపమంత్రి, ప్రధాని చేయిపట్టి పైకి తెచ్చినవాడు. 1915 మే 12న, తాను మాంటేగూను వివాహమాడనున్నానని వెనీషియా ఆస్క్విత్‌కు తెలిపెను. ఆయన క్రుంగిపోయెను. అంతలోనే, మే 15న, నౌకాదళాధిపతి ఫిషర్ రాజీనామా ఇచ్చెను. తుపాకి గుండ్ల కొరతపై పత్రికలు గగ్గోలు పెట్టుచుండెను. లిబరల్ ప్రభుత్వము పోయి ప్రతిపక్షముతో కూడిన ఉమ్మడి ప్రభుత్వ మేర్పడెను. గుండె పగిలినందువలననే ప్రభుత్వము పడినదనుట అతిశయోక్తి. కాని ఆ వారములో ఆయన మనసు క్రుంగియుండెననుట సత్యము.

1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధములో పెద్దకుమారుడు రేమండ్ మరణించెను. విద్యలో తండ్రిని మించునని అందరు నమ్మిన కొడుకు. పిమ్మట మూడు నెలలు తిరుగకుండగనే ఆస్క్విత్ పదవి కోల్పోయెను. లాయిడ్ జార్జి ప్రధాని అయ్యెను. ఆయన మొదట చేసిన పనులలో ఒకటి, మారిస్ హాంకీని కార్యదర్శిగా నియమించి మంత్రివర్గ చర్చలను నమోదు చేయించుట.

1917లో మాంటేగూ లాయిడ్ జార్జి క్రింద ఇండియా మంత్రిపదవి స్వీకరించుట పాత యజమాని ఇంటివారికి కష్టము కలిగించెను. ఆ మాంటేగూయే 1917 ఆగస్టు 20న బాధ్యతాయుత ప్రభుత్వమును క్రమముగా ఇత్తుమని ప్రకటించినవాడు. ఆ శీతకాలమున ఆయన మద్రాసుకు వచ్చినపుడు, ప్రత్యేక రాష్ట్రమును కోరుచు ఆంధ్రుల ప్రతినిధి వర్గము ఆయనకు విజ్ఞప్తి సమర్పించెను. 1920 జూలై 8న కామన్సు సభలో జలియన్‌వాలా బాగు దారుణముపై చర్చ వచ్చినపుడు మాంటేగూ డయ్యరును ఖండించి అనేకుల ఆగ్రహమునకు గురియయ్యెను. ఆనాడు ప్రతిపక్షమునుండి లేచి డయ్యరు చర్యను ఖండించినవారిలో ఆస్క్విత్ ఒకడు. ఐదేండ్ల క్రిందటి గాయము ఆ మాటకు అడ్డురాలేదు.

మాంటేగూ 1924లో, ఆస్క్విత్ 1928లో, వెనీషియా 1948లో గతించిరి. ఆమెకు ఆయన వ్రాసిన లేఖలు 1982లో గ్రంథముగా వెలువడినవి. ఆమె ప్రత్యుత్తరములు దాదాపు ఏవియు మిగులలేదు. ఆనాటి మంత్రివర్గ చరిత్రను వ్రాయువారు నేడు ఆ లేఖలను చూడక తప్పదు. రాజ్యము వ్రాసి యుంచవలసిన దానిని వ్రాయలేదు; ఒక మనిషి వ్రాయరాని చోట వ్రాసెను. చరిత్రకు మిగిలినది ఆ వ్రాయరాని వ్రాతయే.