పిల్లలకు ఏ విల్లు ఇద్దాం?

యాభై దాటాక రాజమండ్రిలో సరదాగా విల్లు పట్టాను. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచాక, మన బడికీ విల్లులు కొనిద్దామని కొందరు అడుగుతున్నారు.

కొందాం. కానీ తేలికవి. నారి లాగి పది లెక్కపెట్టేదాకా చెయ్యి వణక్కూడదు. బరువు విల్లుతో పిల్లల భుజాలు దెబ్బతింటాయి.

తర్వాత సరిచెయ్యడం. నారికి మెలికలు పెంచితే పొట్టిదై విల్లుకు దూరం జరుగుతుంది, తగ్గిస్తే దగ్గరవుతుంది. ఈకల్లేని బాణం ఈకలున్నవాటికన్నా పైన గుచ్చుకుంటే, నారిమీద బాణం తగిలించే గుర్తును కాస్త పైకి జరపాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. లేకుంటే దేనివల్ల కుదిరిందో తెలియదు. బాణం లేకుండా నారి వదిలితే విల్లు చీలిపోవచ్చు.

గురి వెనక ఎత్తయిన మట్టిగట్టు, పక్కన శిక్షకుడు. ఆ రెండూ ఏర్పాటయ్యాకే పిల్లల చేతికి విల్లులిద్దాం.