ఒకే కుంట, రెండు మందలు

ఎండాకాలం. అమ్రాబాద్ అడవిలో ఒక నీటికుంట అనుకోండి. పొద్దున మేకలు తాగిపోయాయి. మునిమాపున దుప్పులొచ్చాయి. రెండూ ఎదురుపడనే లేదు. కానీ నీళ్లు అవే, గడ్డి అదే. రోగానికి అది చాలు.

రోగం మంద నుంచి అడవికి ఎలా పాకుతుందో తెలుసుకోవాలని పరిశోధకులు వెతికేది ఇలాంటి చోట్లనే. బురదలో అడుగులు చూస్తారు. పెంటికలు ఏరి డబ్బాలో వేస్తారు. చెట్టుకు కెమెరా కడతారు. నన్నడిగితే, సగం సంగతులు కాపరికే తెలుసు.

నాగర్‌కర్నూల్ నల్లమలలో పొడతూర్పు ఆవులు మేస్తాయి. 2020లో జాతీయ గుర్తింపు పొందిన జాతి అది. ఆ అడవిలోనే పులి, కణుజు తిరుగుతాయి. గద్వాల, వనపర్తి వైపు అడవి పలచన. అక్కడ మందా చేనుకే, కృష్ణజింకా చేనుకే.

గొర్రెలకు, మేకలకు వచ్చే పారుడు రోగం, అదే పీపీఆర్, మీకు తెలిసిందే. మంగోలియాలో 2016-17లో అది పెంపుడు మందల నుంచి సైగా జింకలకు పాకింది. వేలల్లో చచ్చాయి.

మళ్లీ చెబుతున్నా: ఎదురుపడక్కర్లేదు, ఒకే కుంట చాలు. అందుకే మందను అడవికి తోలకముందే టీకా వేయించండి. చచ్చిన గొర్రెను కుంట పక్కన పారేయకండి, లోతుగా పూడ్చండి. జింక చచ్చి కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి కబురు పెట్టండి.