డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ: వైద్యము, పౌరసేవ



ఈ శతవార్షికోత్సవమున మన మిషను ఆసుపత్రుల డాక్టరమ్మలను కృతజ్ఞతతో తలంచుకొనుచున్నాము. వారితోపాటు, మన సంఘమునకు చెందని ఒక తెలుగు వైద్యురాలిని కూడ జ్ఞాపకము చేసికొందము. ఆమె 1906లో జన్మించిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారు. ఆమె తండ్రి లక్ష్మణరావుగారు చిన్ననాడు చదువుకొన్నది మన పొరుగు భువనగిరిలోనే.

అచ్చమాంబగారు బెజవాడలో వైద్యము చేసిరి. తన యొద్దకు వచ్చిన తల్లులకు కాన్పు చేసిన చాలునని ఊరకుండలేదు. ఇతర స్త్రీలకు మంత్రసాని పని నేర్పిరి. ప్రసూతిని, శిశుపోషణను గూర్చి తెలుగులో పుస్తకము వ్రాసిరి. 1957లో విజయవాడ ప్రజలు ఆమెను లోక్‌సభకు పంపిరి. 1964లో కన్నుమూసిరి.

ఆమె బ్రదుకు మనకేమి నేర్పుచున్నది? మన నల్లగొండ సీమలో ఫ్లోరైడు నీటివలన ఎందరి కాళ్లు వంకరపోయినవో ఎరుగుదుము. వంగిన ఎముకను మందు సీసా చక్కచేయదు. ముందే మంచినీరు రావలెను. అది ఆసుపత్రిలో గాక, సభలో తీరవలసిన పని.

నేడు పురపాలక వార్డులలో సగము స్త్రీలకే కేటాయింపబడినవి. అయినను మన సహోదరి ఎవరైన నిలువబోయిన, “ప్రార్థన చేసికొనే ఆడవారికి రాజకీయమెందుకమ్మా?” అని మనమే వెనుకకు లాగుచున్నాము. ఇకమీదట అట్లు చేయవద్దు. సువార్తకు పంపినట్లే, ఆమెను కూడ ప్రార్థించి పంపుదము. రోగికి నీళ్లందించుట పరిచర్యయైన, ఊరికి మంచినీళ్లు తెచ్చుటయు పరిచర్యయే.

దేవుడు మనకు ఆ మనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.