ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

విదేశాల్లో నర్సు ఉద్యోగానికి రాసే పరీక్ష గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. బహదూర్‌పురా, కిషన్‌బాగ్, తాడ్‌బన్ గల్లీల్లో నర్సింగ్ చదివిన ఆడపిల్లలు ఎదురుపడితే నన్ను అడిగేదీ ఇదే. అమెరికా వాళ్ల ఎన్‌క్లెక్స్ పరీక్ష నేను 2019లో రాసి పాసయ్యాను. కాబట్టి దాని గురించే చెబుతాను. ఈ పరీక్ష రాయడానికి అమెరికా పోనక్కరలేదు, హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది.

అందరికీ ముందు వచ్చే భయం ఇంగ్లీషు. తెలుగు మీడియం వాళ్లం, ఉర్దూ మీడియం వాళ్లం, మనవల్ల అవుతుందా అని. వీసా కోసం ఇంగ్లీషు పరీక్ష వేరే ఉంటుంది, దాని కష్టం దానిది. ఎన్‌క్లెక్స్‌లో మాత్రం వ్యాసాలు రాసేది లేదు. వాక్యాలు చిన్నవి, సూటిగా ఉంటాయి. మందుల పేర్లు కొన్ని వేరు. మన పారాసిటమాల్‌ను వాళ్లు అసిటమినోఫెన్ అంటారు, సాల్బుటమాల్‌ను ఆల్బుటెరాల్ అంటారు, అడ్రినలిన్‌ను ఎపినెఫ్రిన్ అంటారు. ఇవి వారం రోజుల్లో నోటికి వస్తాయి.

కష్టం ఇంకోచోట ఉంది. ఒక ప్రశ్న చెబుతాను, వినండి. నీకు నలుగురు పేషెంట్లు. ఒకాయనకు నిన్న ఆపరేషన్ అయింది, నొప్పి అని అరుస్తున్నాడు. ఒకామె షుగర్ పేషెంట్, అన్నం రాలేదని కోపంగా ఉంది. ఇంకొకరి బంధువులు డిశ్చార్జి కాగితాల కోసం కౌంటర్ దగ్గర గొడవ పెడుతున్నారు. నాలుగో ఆయనకు ఆస్తమా. పొద్దున్నుంచి పిల్లికూతలు వినిపించాయి, ఇప్పుడు ఆగిపోయాయి, మగతగా పడుకున్నాడు. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు?

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. మన వార్డుల్లో అరవందే సిస్టర్ రాదు. అది సిస్టర్ల తప్పు అనను. ఒక్క డ్యూటీలో ఎంతమందిని చూడాలో ఇక్కడున్న నర్సులకు తెలుసు. గొంతు ఎక్కువున్న అటెండరు పేషెంట్ ముందుకొస్తాడు. పరీక్ష మాత్రం ఆ నోరులేని నాలుగో మనిషి గురించే అడుగుతుంది. పిల్లికూతలు ఆగాయంటే తగ్గిందని కాదు, గాలి లోపలికి పోవడమే లేదని అనుమానించాలి. ఈ సంగతి పుస్తకంలో అందరం చదివినదే. నలుగురిని పక్కపక్కన పెట్టి ఎంచుకోమంటేనే చెమట పడుతుంది.

ఇంకొకటి. "డాక్టర్‌గారికి ఫోన్ చేస్తాను" అనేది మన దగ్గర ఎప్పుడూ తప్పుకాని జవాబు. అక్కడ చాలాసార్లు అదే తప్పు. రక్తం ఎక్కిస్తుంటే పేషెంటుకు చలి, వణుకు మొదలయ్యాయనుకోండి. ముందు రక్తం ఆపాలి. ఫోన్ ఆ తర్వాత. నీ చేతిలో ఉన్న పని నువ్వు చేశావా అని చూస్తారు. అలాగే ఆపరేషన్ వద్దంటున్న పెద్దాయన ఉంటే, మనం కొడుకును పక్కకు పిలిచి మాట్లాడతాం. పరీక్షలో మాట్లాడాల్సింది ఆ పెద్దాయనతోనే, ఎందుకు వద్దంటున్నారని అడగాలి. ఎన్నో ఏళ్లు వార్డులో పనిచేసినవాళ్లకు ఈ అలవాట్లు మార్చుకోవడమే అసలు ప్రిపరేషన్.

పరీక్ష తీరు కూడా చెప్పాలి. సరైన జవాబు ఇస్తే కంప్యూటర్ ఇంకా కష్టమైన ప్రశ్న ఇస్తుంది, తప్పితే తేలికది. అందుకే బాగా రాసేవాళ్లకు కూడా అన్నీ తప్పుతున్నట్టే ఉంటుంది. వెనక్కి వెళ్లి దిద్దుకోవడం కుదరదు. నా కాలంలో 75 నుంచి 265 ప్రశ్నలు, ఆరు గంటలు. 2023 ఏప్రిల్ 1 నుంచి 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు. ఒకే పేషెంటు కథను వరుసగా ఆరు ప్రశ్నల్లో నడిపించే కేసులు కూడా వచ్చాయి. 85 దగ్గర కంప్యూటర్ ఆగిపోతే పాసని సంబరపడొద్దు, ఫెయిలని ఏడవొద్దు. నీ సంగతి తేల్చుకున్నానని అది చెప్పడం, అంతే.

మేము నలుగురం కలిసి చదివాం. నైట్ డ్యూటీ దిగి, ఒకరింటి డాబా మీద. రోజుకు నలభై ప్రశ్నలే. కానీ ఒక్కోదానికి సరైనది ఏదో చెప్పి వదలకుండా, మిగతా మూడూ ఎందుకు కావో తెలుగులో, హైదరాబాదీలో వాదించుకునేవాళ్లం. పక్కింటివాళ్లు పంచాయతీ అనుకున్నారు. వేల ప్రశ్నలు చకచకా నొక్కుకుంటూ పోవడం కంటే ఆ వాదనే పనికొచ్చింది.

ఇప్పుడు మా టీచర్లకు ఒక విన్నపం. పరీక్ష సెంటర్‌లో పాస్‌పోర్టు మీద పేరూ, వాళ్లు పంపిన అనుమతి పత్రం మీద పేరూ ఒకటే ఉండాలి. లేకపోతే లోపలికి పంపరు. అంతకన్నా ముందే మన సర్టిఫికెట్లను అక్కడ సరిచూస్తారు. నర్సింగ్ కాలేజీ నుంచి, కౌన్సిల్ నుంచి కాగితాలు నేరుగా వెళ్లాలి. మన ఆడపిల్లల సంగతి చూడండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో అసలు లేదు, పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు. బేగం ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. మా నలుగురిలో ఒకమ్మాయికి చదువు పూర్తయినా పేరు సరిచేసుకోవడానికే ఏడాది పట్టింది. వీటన్నిటికీ మొదలు టెన్త్ నామినల్ రోల్స్. సార్, ఆ రోజు పిల్లను, తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఇంటిపేరు పూర్తిగా రాయించండి. ఆధార్‌తో ఒక్కసారి పోల్చి చూడండి.

డబ్బు మాట దాచకూడదు. పరీక్ష ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే ఇంకో 150. సర్టిఫికెట్ల పరిశీలనకు, అక్కడి రాష్ట్ర బోర్డుకు కట్టేవి వేరే. ఫెయిలైతే 45 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు, మళ్లీ ఫీజు కట్టాలి. పాసైతే రేపే విమానం ఎక్కిస్తామని చెప్పేవాళ్లను నమ్మి నగలు తాకట్టు పెట్టొద్దు. గ్రీన్‌కార్డు క్యూలో మన దేశం వాళ్లకు పదేళ్లు దాటిన ఎదురుచూపు ఉంది. నా ఫైలూ ఆ క్యూలోనే ఉంది. నేను ఈ ఊళ్లోనే డ్యూటీ చేస్తున్నాను. గల్ఫ్‌కు, జర్మనీకి దారులు వేరు. దుబాయ్‌కు, సౌదీకి ప్రోమెట్రిక్ పరీక్ష, జర్మనీకి ముందు భాష. ఏజెంటుకు పైసా ఇచ్చే ముందు మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ఒకసారి అడగండి.

అయినా ఈ పరీక్షకు చదవమనే చెబుతాను. ఇప్పుడు డ్యూటీ ఎక్కగానే నేను మొదట చూసేది చప్పుడు లేని మంచం. నిరుడు ఒక రాత్రి అలా చూడబట్టే ఒక ముసలమ్మ బతికింది. ఆమె ఇంటివాళ్లు బయట నిద్రపోతున్నారు, పిలిచేవాళ్లు లేరు.

సంఘం పెద్దలు ఒప్పుకుంటే ఆదివారం మధ్యాహ్నాలు మన స్కూల్ లైబ్రరీ గది ఇప్పించండి. ఫ్యాను, నాలుగు కుర్చీలు చాలు. వాదించుకోవడానికి డాబా కంటే అదే నయం, పక్కింటివాళ్లు ఉండరు. కాగితాలు చూపించాలనుకునే చెల్లెళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. టెన్త్ మెమో, పాస్‌పోర్టు రెండూ ఫోన్‌లో ఉంటే చాలు, పక్కపక్కన పెట్టి చూద్దాం.